నలభై ఏడో పలక

తెల్లారగానే ప్రెబెన్ సుత్తి పట్టుకుని నలభై ఏడో పలక మీద మోకాళ్లూనాడు. తట్టి చూశాడు. గుల్ల మోత. నిన్నటికంటే ఎక్కువ.

విమానాలు రన్‌వే మీదికి వెళ్లే దారి పొడవునా కాంక్రీటు పలకలే. వాటన్నింటి మీదా అవే సరుకు విమానాలు దొర్లుతాయి, ఒక్కోటి నాలుగు వందల టన్నులు. కుంగేది మాత్రం ఇదొక్కటే. పదకొండేళ్ల కిందట ప్రెబెన్ దగ్గరుండి పోయించిన పలక. పగులు కనబడితే చాలు, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా తనే పూడ్చేవాడు. బరువు విమానాలను వేరే దారికి మళ్లించమని పైవాళ్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

"ఏంటోయ్, మొదలెట్టావా ప్రార్థన?" విమానాలు లాగే బండి మీంచి ఐగిల్ అరిచాడు. "మీ ఆవిడ బొడిల్ ఎర్ర పెట్టె సర్దుకుని స్పెయిన్ చెక్కేసినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు కదరా నువ్వు!"

"నోర్ముయ్. ఇంకో నాలుగు విమానాలు పోతే ఇక్కడ గొయ్యి పడుద్ది. అప్పుడు తెలుస్తుంది మీకు."

ఆ మధ్యాహ్నం కొత్త అధికారి సిగ్నే పిలిచింది. బల్ల మీద కాఫీ, చిన్న చిన్న జెండాలు గుచ్చిన కేకు. అందరూ అక్కడే ఉన్నారు.

"మీ ఉత్తరాలన్నీ చదివానండీ. ఇన్నేళ్లూ మీ మాట వినకపోవడం మాదే తప్పు," అంది.

ప్రెబెన్‌కు ప్రాణం లేచొచ్చింది. "అయితే విమానాలు మళ్లిస్తారా?"

"మళ్లించడం దేనికి? ఎన్నాళ్లని అతుకులేస్తారు మీరు? రేపే పగలగొట్టించి, అడుగు మట్టి దాకా తవ్వించి కొత్తది పోయిస్తున్నాం. మొదటి దెబ్బ మీ చేత్తోనే!"

చప్పట్లు మోగాయి. కేకు ముక్క ప్రెబెన్ గొంతుకు అడ్డం పడింది.

"చూడండి, ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అంటూ ఐగిల్ వీపు మీద చరిచాడు.

మర్నాడు ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాడు ప్రెబెన్. ఎవరు వింటారు? ఐగిల్ ఇంటికే వచ్చి కారెక్కించుకుని తెచ్చాడు. ప్రెబెన్ సుత్తి ఎత్తకపోతే తనూ ఓ చెయ్యి వేసి మొదటి దెబ్బ కొట్టించాడు. ఫొటోలు తీసుకున్నారు. పలక పగలగొట్టి తీసేశాక తవ్వే యంత్రం గుంటలోకి వంగింది.

దాని పళ్లకు తగులుకుని ముందుగా పైకొచ్చింది, స్పెయిన్ వెళ్లిన బొడిల్ ఎర్ర పెట్టె.