గువ్వ చెప్పిన ఊరు

నగరాలన్నీ తిరిగి తిరిగి ఒక గువ్వ చెరువుగట్టు మీది తుమ్మచెట్టుపై వాలింది. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది, గూడు కట్టక తప్పదు.

"ఏ ఊరే పిల్లా మీది?" అంది ముసలి కాకి.

"పుట్టింది రైల్వేస్టేషన్ కప్పు మీద. రైలు కూతలే నాకు జోలపాటలు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళో మామా!"

"ఊరే లేనిదానికి కొమ్మెందుకు?" అంటూ కాకి, గువ్వ గూటికని తెచ్చిపెట్టిన పుల్లను కిందికి తోసేసింది.

గువ్వ దిగి అదే పుల్లను తెచ్చింది. కాకి మళ్ళీ తోసింది. గువ్వ మళ్ళీ తెచ్చింది.

"సిగ్గులేదే నీకు?"

"లేదు మామా. రేపు నా పిల్లల్ని ఏ ఊరని అడిగితే, ఈ చెట్టు పేరు చెప్పాలి."

ఈసారి కాకి పుల్ల జోలికి పోలేదు.

గూడు పూర్తయ్యాక గువ్వ మేతకు బయల్దేరింది. ఇన్నాళ్ళూ ఏ ఊరు విడిచినా "పోతున్నా" అనేది. ఇప్పుడు రెక్క విప్పుతూ, "పోయొస్తా మామా" అంది.

"పొద్దుగూకక ముందే రా," అంది కాకి.