బోడి బోల్టు

తనిఖీ షెడ్డు ముందు కారు ఆపి దిగగానే నైజెల్ గుండె జారిపోయింది.

ముందు కుడి చక్రం దగ్గర ఒక బోల్టు బోడిగా మెరుస్తోంది. దాని మీద ఉండాల్సిన రబ్బరు టోపీ లేదు.

"జానిస్! టోపీ పోయింది!"

అతని భార్య కారులోంచి దిగనైనా దిగలేదు. "నీ నెత్తి మీదే ఉందిగా."

"నాది కాదు మహాతల్లీ, బోల్టుది! దారిలో ఎక్కడో ఊడిపోయింది."

"జిగురు పెట్టి అంటించమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"అంటిస్తే మళ్ళీ పీకడం ఎలా?"

అదీ సంగతి. ఇంటి గ్యారేజీలో సొంతంగా కారు కట్టుకునే వాళ్ళందరిదీ ఇదే తంతు. ఇలాంటి కార్లకి ముందు చక్రాల దగ్గర సస్పెన్షన్ కడ్డీలూ వాటి బోల్టులూ బయటికే కనబడుతుంటాయి. దారినపోయేవాళ్ళకి గీసుకుపోకుండా ప్రతి మొనకీ మెత్తటి తొడుగు ఉంటేనే బండి తనిఖీలో పాసై రోడ్డెక్కుతుంది. అందుకని తనిఖీ నాడు టోపీలు, రబ్బరు గొట్టాలు తొడిగి, బండిని పసిపిల్లలా ముస్తాబు చేసి తీసుకొస్తారు. పాసైన మరుక్షణం అన్నీ పీకి గేటు పక్కన చెత్తడబ్బాలో పారేస్తారు. నిగనిగలాడే ఆ ఉక్కు నలుగురూ చూడకపోతే ఇన్నేళ్ళు చేతులకి గ్రీజు పూసుకున్నదెందుకని వాళ్ళ బాధ!

కానీ ఇవాళ పాసవ్వకపోతే నైజెల్ మాట పోతుంది. వచ్చే నెలలో కూతురు బెథనీ పెళ్ళి. చర్చికి ఈ కారులోనే తీసుకెళ్తానని దాని చిన్నప్పుడే మాటిచ్చాడు. ఇవాళ తప్పితే మళ్ళీ తనిఖీకి పిలుపు పెళ్ళయ్యాకే. అప్పుడిక పిల్ల మేనమామ కెవిన్ చేపల వ్యానే గతి.

"మా తమ్ముడు వ్యాను కడిగిస్తానన్నాడులే," అంది జానిస్.

"సముద్రంలో ముంచి తీసినా ఆ కంపు పోతుందా? పెళ్ళికూతురు కాడ్ చేపలా వాసనేస్తుంది!"

నైజెల్ నోట్లోని చూయింగ్ గమ్ తీసి బోల్టుకి అద్దాడు. జారి కింద పడింది. జానిస్ లిప్‌స్టిక్ మూత లాక్కుని పెట్టి చూశాడు. పట్టలేదు.

"అవన్నీ నిలవవు బాబూ. ఇన్‌స్పెక్టర్ బొటనవేలితో నొక్కి మరీ చూస్తాడు."

నైజెల్ వెనక్కి తిరిగాడు. ఎవరో ముసలాయన. మోచేతుల దగ్గర చిరిగిన కోటు, చేతిలో సగం తిన్న గుడ్డు శాండ్‌విచ్.

"ఏం పెద్దాయనా, వేరే పనేం లేదా? ఇదేమన్నా తమాషానా?"

"పనేముంది, నిలబడ్డమే. ఇంతకీ పెళ్ళెప్పుడు?"

"ఎప్పుడైతే మీకెందుకు? మిమ్మల్ని పిలవట్లేదులెండి!"

"నైజెల్!" అని కసిరింది జానిస్.

ముసలాయన ఏమీ అనుకోలేదు. శాండ్‌విచ్ చివరి ముక్క నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుని గేటు వైపు మెల్లగా వెళ్ళిపోయాడు.

"ఇలాంటి చోట్ల చేరేవాళ్ళే వీళ్ళు. పొద్దుపోక వచ్చి మన ప్రాణాలు తోడతారు," అని గొణిగాడు నైజెల్.

కాసేపటికి ఆయనే తిరిగొచ్చి అరచెయ్యి చాపాడు. నల్లటి రబ్బరు టోపీ! నైజెల్ లాక్కుని తొడిగి చూశాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

"ఎక్కడిది?"

"గేటు దగ్గర చెత్తడబ్బా ఉందిగా. పాసైన వాళ్ళు పారేసినవి బోలెడు."

"నా మట్టిబుర్రకి ఆ ఆలోచనే రాలేదు!"

ఇంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది. కృతజ్ఞతలు చెప్పడం కూడా మరిచిపోయి నైజెల్ కారెక్కేశాడు.

మనిషి ఒళ్ళు ఎక్కడెక్కడ తగలొచ్చో తేల్చడానికి ఇన్‌స్పెక్టర్ కర్రకి తగిలించిన బంతిని బండి చుట్టూ ఆనిస్తూ, అది తగిలిన చోటల్లా వంగి చూశాడు. ఆ టోపీ దగ్గర ఆగాడు. బొటనవేలితో నొక్కాడు.

"బాగుంది. పాస్."

ఇక చూసుకోండి నైజెల్ సంబరం! ఎదుటి కొట్లో టీ తాగుతూ బెథనీకి ఫోన్ చేశాడు. అరిచాడు, నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తిరిగొచ్చి ఆవరణలోనే టోపీలన్నీ పీకడం మొదలుపెట్టాడు.

"ఆ పెద్దాయన కనిపిస్తే పెళ్ళికి రమ్మను. పాపం, ఊరికే కసిరావు," అంది జానిస్.

"రమ్మనడమేంటి, ముందు వరసలో కూర్చోబెడతా."

రెండు చేతులనిండా టోపీలతో వెళ్ళి గేటు దగ్గర చెత్తడబ్బా మూత ఎత్తాడు.

లోపల మడత నలగని కొత్త సంచి. అడుగున ఒక్క టోపీ లేదు.

"దీన్ని ఇప్పుడే ఖాళీ చేశారా?" అని గేటు కాపలామనిషిని అడిగాడు.

"నిన్న సాయంత్రమే చేశారండీ. ఇవాళ మొదటి బోణీ మీదే."

"మరి ఆయన ఆ టోపీ ఎక్కణ్ణించి తెచ్చినట్టు?" అంది వెనకే వచ్చిన జానిస్.

చేతుల్లోని టోపీల్లో పెద్దాయన ఇచ్చిన నల్లటిదాన్ని ఏరి పట్టుకుని నైజెల్ షెడ్డులోకి పరిగెత్తాడు. మిగతావన్నీ దారిపొడుగునా రాలిపోయాయి.

లోపల ముదురాకుపచ్చ కారు ఒకటి ఉంది. ఇన్‌స్పెక్టర్ దాని ముందు చక్రం దగ్గర వంగి, బోడిగా ఉన్న బోల్టుకి బంతి ఆనించి తల అడ్డంగా ఊపి, కాగితం మీద రాస్తున్నాడు.

"ఆగండి! టోపీ ఇదిగో!" అని అరిచాడు నైజెల్.

"ఇప్పుడు తెస్తే ఏం లాభమండీ, ఫెయిలని రాసేశాను," అని, బండి అవతల ఉన్న యజమాని వైపు తిరిగాడు ఇన్‌స్పెక్టర్. "అన్నీ ఇంత చక్కగా తొడిగి, ఈ ఒక్కటీ ఎలా వదిలేశారండీ?"

"మతిమరుపు బాబూ. మళ్ళీ వస్తాలే, నాకేమన్నా పెళ్ళి తొందరా?" అని నవ్వుతూ ఫెయిల్ కాగితం అందుకున్నది ఆ పెద్దాయనే.