ఈశాన్యంలో ఇంటి మూలం

తెల్లారింది. నేను లేచాను, ఇల్లు లేవలేదు. నిన్ననే ఇంటికి కొత్త మూలం, అంటే ఇంటి తెలివంతా ఉండే పెట్టె, వేయించాం. ఇవాళ గోడ మీద ఒకటే మాట: "మూలం కనబడలేదు." స్నానాలగది తలుపు ఒకసారి మూసుకుంటే, ఇల్లు లేస్తేగానీ తెరుచుకోదు. లోపల మా బావమరిది పానకాలు. అరగంటలో అతను కొత్త ఉద్యోగంలో చేరాలి.

పెట్టె బిగించిన మెహరున్నీసాని పిలిచాను.

"పాడు మూలం అంటగట్టావా తల్లీ?"

"నిన్న మీ కళ్ళముందే లేపాను కదంకుల్! మీరే ఏదో కెలికారు."

నాకు ఆమె మీద అనుమానం, ఆమెకి నా మీద, మా ఆవిడ దాక్షాయణికి ఇద్దరి మీదా. అనుమానం ముగ్గురికీ వడ్డించినా ఇంకా మిగిలింది.

నిన్న బిగించిన ఆగ్నేయం మూల అరలో పెట్టె లేదు. ఈశాన్యంలో ఉంది, పసుపు రాసి, బొట్టు పెట్టి!

"ఇల్లు పాతచోటే వెతుక్కుంటోంది. ఎవరు జరిపారు?" అంది మెహరున్నీసా.

"నేనే!" స్నానాలగది పలికింది. "మూలం ఆ మూలనుంటే మగవాళ్ళు బందీలవుతారట!"

"జరిపి ఏం బావుకున్నావురా?" అంది వాళ్ళక్క దాక్షాయణి.

మెహరున్నీసా పెట్టె ఎత్తింది. "పాతచోట పెట్టేస్తున్నా."

"ఆగమ్మా!" లోపల్నుంచి అరిచాడు పానకాలు. "ఇప్పుడు రాహుకాలం. పోయాక పెట్టు."

"మరి ఉద్యోగం?" అరిచాను.

"రాహుకాలంలో ఎవరైనా ఉద్యోగంలో చేరతారా బావా?"

మెహరున్నీసా మొదటిసారి నన్ను జాలిగా చూసి, పెట్టె దించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.