సమానం గుర్తు

“ఎక్స్ మైనస్ ఐదుకు వర్గమూలం. దీనికి ప్రదేశం రాయాలె. అంటే ఎక్స్ ఏమేం ఉండొచ్చో. నిదానంగ రాయమ్మా,” అన్నాడు ప్రకాశం.

ఎదురుగా మిర్చి వ్యాపారి గుండయ్య పాఠ్యపుస్తకం చివరి పేజీ తెరిచి, జవాబు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. లెక్క ఆయనకు రాదు. గుర్తుకు గుర్తు సరిపోయిందో లేదో మాత్రం చూడగలడు.

పొద్దున్నే వరంగల్ బడి నుంచి ప్రకాశానికి టెలిగ్రాం వచ్చింది. సోమవారం ఉద్యోగంలో చేరాలి. సర్టిఫికెట్లేమో గుండయ్య తిజోరీలో ఉన్నాయి. మొఘల్‌పురాలోని తన మేడగది ఊరికే ఇస్తూ, కూతురు సుశీలకు ఇంటర్ లెక్కలు వచ్చేదాకా కదలనని మాట తీసుకుని, ఆ మాటకు తాకట్టుగా వాటిని లోపల పెట్టాడాయన.

“ఈ ఒక్క లెక్క జేస్తే నీ కాగితాలు నీకిస్త సారూ. అవతల అబ్బాయోళ్ళు లగ్గానికి తొందర పెడ్తున్నరు. ఇంటర్ పాసైన పిల్లనే కావాల్నంట.”

సుశీల తలెత్తకుండా రాసింది. “మూలం లోపల మైనస్ రావద్దు సార్. అందుకని ఎక్స్ ఐదు కన్న పెద్దగుండాలె.”

మళ్ళీ అదే తప్పు! ఏడాదిగా ఏ లెక్క ఇచ్చినా అంతా చక్కగా చేసి, చివర సమానం గుర్తు ఎగరగొడుతుంది. మరో తప్పు చేసిన పాపాన పోలేదు.

“సరిగ్గ ఐదే పెడితే లోపల ఏమొస్తది?” బతిమాలినట్టు అడిగాడు.

“సున్నా. సున్నాకు మూలమెక్కడుంటది సార్?”

గుండయ్య కాగితాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. “ఈడ గుర్తు కింద ఇంకో గీత ఉన్నది. పిల్ల పెట్టలే.”

“సేట్ సాబ్, నా నౌకరి పోతది!”

“నా బిడ్డ లగ్గం ఆగలేదా? ఇంకో ఏడాది చదువు చెప్పు సారూ.”

ప్రకాశం మేడ ఎక్కాడు. ఆ ఇరుకు గది గోడలు మీదికొస్తున్నట్టున్నాయి. ఏడుపొచ్చింది. ఆ మొద్దు పిల్ల మీద మొదటిసారి ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకోబోతే కళ్ళజోడు కిందే మర్చిపోయినట్టు తెలిసింది. మళ్ళీ దిగాడు.

గుండయ్య దుకాణానికి వెళ్ళిపోయాడు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సుశీల చెల్లెలు విమలాదేవి అదే లెక్క చేస్తున్నట్టుంది. “అక్కా, ఐదు గూడ కలపాల్నా?” అంటోంది.

“కలుపవే, సున్నాకు మూలం సున్నానే గద,” అంది సుశీల.