మౌనం మీద మూడువందల పేజీలు

“ఆఖరి పరీక్ష ఇదే. లోపల ఒక అమ్మాయి ఉంది. అరగంట మాట్లాడండి, చాలు,” అంది డైరెక్టరు మేడమ్, తలుపు తీస్తూ.

టీనేజి పిల్లల మానసిక వైద్యశాల అది. సోషల్ వర్కర్ ఉద్యోగం ఒక్కటే ఖాళీ. వచ్చినవాళ్లలో మనవాడిదే చివరి నంబరు. ఇది కూడా తప్పిపోతే ఈ వృత్తికో దణ్ణం పెట్టి, బావమరిది చెప్పుల షాపులో కూర్చోవాల్సిందే. తోటివాళ్లు అతన్ని ‘థీసిస్’ అని పిలిచేవారు. పిల్లల మౌనం మీద మూడువందల పేజీలు రాసి డాక్టరేట్ తెచ్చుకున్న ఘనుడు మరి!

గదిలో పదిహేడేళ్ల పిల్ల, ఒడిలో నోటుపుస్తకం. పైన మూలన కెమెరా. మేడమ్ అందులోంచి చూస్తుంటుందని ఊహించి, తన ముఖం బాగా కనపడే కుర్చీ ఎంచుకున్నాడు.

“నీకు మాట్లాడాలనిపించినప్పుడే మాట్లాడమ్మా. నాకేం తొందర లేదు,” అన్నాడు మెత్తగా, కెమెరాకు కూడా వినపడేలా.

పిల్ల మాట్లాడలేదు. నిమిషం గడిచింది. మౌనం మీద అన్ని పేజీలు రాసినవాడు రెండో నిమిషం తట్టుకోలేకపోయాడు. నిద్ర గురించి అడిగాడు. ఆకలి గురించి, చదువు గురించి, స్నేహితుల గురించి అడిగాడు. ఊపిరి ఎలా పీల్చాలో చేసి మరీ చూపించాడు.

పిల్ల గడియారం చూసి పుస్తకంలో ఏదో గీకింది. ‘ఆందోళన’ అనుకున్నాడు. మంచినీళ్ల గ్లాసు ఇతనివైపు జరిపింది. ‘ఎదుటివాళ్లని మెప్పించే తత్వం’ అనుకున్నాడు.

“సార్, ఆ కెమెరా పాడై ఏడాదైంది,” అంది పిల్ల ఉన్నట్టుండి.

అతని భుజాలు జారిపోయాయి.

“మీరు సాయం చేయలేకపోయిన పిల్లలెవరైనా ఉన్నారా?” అని అడిగింది మళ్లీ.

ఎవరూ చూడటం లేదు కదా, దాచడం దేనికి?

“ఉంది. పదమూడేళ్ల పిల్ల. ఆరు వారాలు వచ్చింది. నా పరిశోధన కోసం వారం వారం ఫారాలు నింపించాను. ఏడో వారం రాలేదు. ఇంటికెళ్లి అడిగితే, ‘మీ ప్రశ్నలన్నీ అయిపోయాయనుకున్నాను సార్’ అంది. తను చెప్పాలనుకున్నది ఒక్కసారి కూడా వినలేదమ్మా నేను. మూడువందల పేజీల్లో ఆ ముక్క మాత్రం రాయలేదు.”

తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు. ఎంతసేపో ఈసారి అతను లెక్కపెట్టలేదు.

తలుపు తెరుచుకుంది. “అయిందా?” అంది మేడమ్.

ఉద్యోగం గోవిందా! ఈ పిల్ల చేత నోరు విప్పించలేకపోయానని ఒప్పుకుందామని అతను లేచాడు.

అంతలో ఆ పిల్ల పుస్తకం మూసేసి, “అయింది మేడమ్, పొద్దున్నుంచి నేను చూసిన ఆరుగురిలో మా పిల్లల ఓటు ఈయనకే, కాకపోతే మొదటి నెలంతా ఎవరికీ సలహాలివ్వకూడదని ఆర్డర్‌లో రాయించండి,” అంది.