క్యాలెండర్‌లో సార్ పెండ్లి

బోధన్‌లోని ఆ బడికి కొత్తగా వెబ్‌సైట్ వచ్చింది. లెక్కల సారు ఆత్మారాం, సైన్సు టీచరు సుమిత్ర కలిసి అందులో పరీక్షలు, సెలవుల క్యాలెండర్ పెట్టారు.

సోమవారం ఆత్మారాం క్లాసులోకి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. “సార్, పెండ్లికి మమ్ముల పిలుస్తరా?”

కంగారుగా కంప్యూటర్ తెరిచి చూశాడు. ఉగాది తర్వాతి ఆదివారం గడిలో ‘ఆత్మారాం సార్ పెండ్లి’ అని ఉంది.

“ఎవడురా గీ పని చేసింది?”

గుమ్మంలోంచి సుమిత్ర ఆయన్ని వరండాలోకి పిలిచింది.

“పిల్లలను తిట్టకుండ్రి సార్. నేనే పెట్టిన.”

“మీరా? ఎవరితోని పెండ్లి?”

సుమిత్ర తల వంచుకుని నవ్వింది.

“ఏడాది సంది అడగబోయి ఆగుతున్నరు. మా బాపు గూడ ఒప్పుకున్నడు. ఇగ మీరు అడుగుడొక్కటే బాకీ.”