నూటికి పదకొండు

“ఇక్కడ సంతకం పెట్టి పెట్టె తీసుకెళ్ళండి. మీ అబ్బాయి సామానంతా అందులోనే ఉంది,” అన్నాడు ప్రొఫెసర్.

ఎదురుగా కూర్చున్న మనిషి పెన్ను ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు లేత్ మెషీన్ మీద ఇనుము చెక్కిన మేస్త్రీ ఆయన. ఆయన కొడుకు ఈ ల్యాబులోనే ఐదేళ్ళు పరిశోధన చేసి, నెలన్నర క్రితం హాస్టలు గదిలో ప్రాణం తీసుకున్నాడు.

“మావాడు దొంగ అంకెలు వేశాడని రాసింది మీరేనా సార్?”

“నేనే.”

ప్రొఫెసర్ తల దించుకోలేదు. తప్పు చేసినవాడే తల దించుకోవాలని ఆయన నమ్మకం. తాను చేయలేదని అంతకంటే గట్టి నమ్మకం.

జరిగిందంతా విడమరచి చెప్పాడు. చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల్లాంటి చెత్త నుంచి ఒక నూనె తీస్తారు. దాన్ని పెట్రోల్లో కలిపే ద్రవంగా మార్చాలి. పలాడియం అనే లోహం రవ్వంత పడితే చాలు, ఆ పని ఇట్టే అయిపోతుంది. కానీ అది బంగారంతో పోటీపడే సరుకు. అందుకే కుర్రాడు రాగి, నికెల్ కలిపిన పొడితో ప్రయత్నించాడు. నూటికి తొంభై ఆరు వంతులు మారిందన్నాడు. పేపరు అచ్చయింది. ఆ తర్వాత ఏ దేశంలో ఎవరు చేసినా పదకొండు దాటలేదు.

“ఆ రోజు ఫోన్ చేశాడు సార్. ‘నాన్నా, తొంభై ఆరు!’ అని ఒకటే అరుపు. నాకేం తెలుసు, పరీక్షలో మార్కులనుకున్నా.”

ప్రొఫెసర్‌కు జాలేసింది. “నేను అన్యాయం చేయలేదండీ. మూడు అవకాశాలిచ్చాను. పొడి మాత్రం వాడు చేసిందే. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని మిగతావన్నీ కొత్తవి తెప్పించాను. నా కళ్ళముందే, తన చేత్తోనే చేశాడు. పదకొండు. పది. మళ్ళీ పదకొండు. ‘ఎందుకో నాకూ తెలియడం లేదు సార్’ అన్నాడు. దొరికిపోయినవాడు ఇంకేమంటాడు?”

మేస్త్రీ కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

“మా షాపులో పనివాడికి పరీక్ష పెడితే వాడి పనిముట్లతోనే పెడతాం సార్.”

“ఇది కెమిస్ట్రీ అండీ, లేత్ పని కాదు.”

“ఒక్కసారి వాడి సామాన్లతో, నా ముందర చేసి చూపించండి. అబద్ధమే అని నా కళ్ళతో చూస్తే ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చెప్పుకుంటా. రోజూ అడుగుతోంది.”

ప్రొఫెసర్ సరేనని లేచాడు.

పెట్టె విప్పారు. నోటు పుస్తకం, సొట్టపడ్డ చిన్న స్టీలు పాత్రలాంటి రియాక్టరు, నల్లపొడి డబ్బా. మడతపెట్టిన తెల్లకోటు జేబు మీద ఎవరో సిరాతో ‘కషాయం’ అని రాశారు.

“ఇదేంటి సార్?”

“ముద్దుపేరు. ఎప్పుడూ గోధుమరంగు నీళ్ళు మరిగిస్తుండేవాడు కదా.”

మేస్త్రీ నవ్వబోయి, కోటులో మొహం పెట్టుకున్నాడు.

అడుగున ఒక అగ్గిపెట్టెలో దూది, దూదిలో పూసలాంటి అయస్కాంతపు బీడ్. రియాక్టరులో వేస్తే గిరగిరా తిరిగి ద్రవాన్ని కలియదిప్పుతుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఒళ్ళంతా గీతలు పడి నల్లబారింది.

“ఇది నాదేనండీ. నేను చదువుకునేటప్పుడు పలాడియంతో నాలుగేళ్ళూ దీన్నే తిప్పాను. మీవాడు చేరిన రోజున చేతిలో పెట్టి, నా అదృష్టం నీకూ అంటుకోవాలిరా అన్నాను.” ఇంత చేస్తే చివరికి నా పరువు తీశాడు అని ప్రొఫెసర్ మనసులో ముల్లు కలుక్కుమంది.

నోటు పుస్తకంలో ఉన్నట్టే నూనె పోసి, పొడి తూచి వేసి, బీడ్ జారవిడిచి, మూత బిగించాడు. హైడ్రోజన్ నింపి వేడి పెట్టాడు. ఆరు గంటలు పడుతుంది. ఇద్దరూ రెండు స్టూళ్ళ మీద కూర్చున్నారు. తెప్పించిన టీ చల్లారిపోయింది.

“ఇప్పుడు మారుతూ ఉంటుందా సార్?” గంటకోసారి అడిగాడు మేస్త్రీ.

“మారదండీ. ఆశ పెట్టుకోకండి.”

సాయంత్రానికి రియాక్టరు చల్లబడింది. ప్రొఫెసర్ ఒక్క చుక్క తీసి, ఎంత మారిందో కొలిచే మిషన్‌లోకి ఎక్కించాడు. కాసేపటికి కాగితం బయటికొచ్చింది. ఆయన దానివైపు చూడను కూడా చూడకుండా చింపి మేస్త్రీ చేతికిచ్చాడు.

“మీరే చదవండి. చివరి గడిలో ఉంటుంది. మనసు రాయి చేసుకోండి.”

మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాయలు కాచిన వేలు గడుల మీదుగా మెల్లగా చివరిదాకా వెళ్ళింది.

“తొంభై ఆరు.”

ప్రొఫెసర్ రియాక్టరు మూత తీసి చూశాడు; బీడ్ మీది నల్లటి గీతల్లో తన నాలుగేళ్ళ పలాడియం ఇంకా అంటుకునే ఉంది.